లెక్కలో లేని నడక: ఆకివీడు రోడ్లూ పేట మనుషులూ

రోడ్డుకి కులమేమిటి అని అడిగేవాళ్ళు రాజ్యాంగం 15వ అధికరణం రెండో క్లాజు ఒకసారి చదవాలి. బావులు, చెరువులు, స్నానఘట్టాలతో పాటు ప్రభుత్వ సొమ్ముతో నడిచే రోడ్లని కూడా అక్కడ పేరు పెట్టి చెప్పారు. కులం కారణంగా వాటి వాడకానికి ఎవరినీ దూరం పెట్టకూడదన్నారు. రోడ్డు మొదటినుంచీ అందరిదే అయివుంటే ఆ మాట రాయాల్సిన పనే లేదు. 1924-25లో వైకోం సత్యాగ్రహం జరిగింది గుడి చుట్టూ వున్న రోడ్ల మీద నడిచే హక్కు కోసమే. పీష్వాల కాలంలో పూనాలో అంటరానివాళ్ళు నడుముకి చీపురు కట్టుకుని తమ అడుగుజాడల్ని తామే వూడ్చుకుంటూ నడవాల్సి వచ్చిందని అంబేద్కర్ 1936లో 'కుల నిర్మూలన'లో రాశారు.

ఇదంతా పాత కథ అనుకోవద్దు. 1989 అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చింది. దళితులు, ఆదివాసీలు బహిరంగంగా సైకిలుగానీ మోటారు సైకిలుగానీ ఎక్కకుండా, చెప్పులు తొడుక్కోకుండా అడ్డుకోవడం నేరమని ఆ సవరణ స్పష్టంగా చెబుతుంది. అలా అడ్డుకునేవాళ్ళు ఇంకా వున్నారు కాబట్టే పార్లమెంటు అంత వివరంగా రాయాల్సి వచ్చింది. మా నాన్న సైకిలు మీద వూళ్ళోకి పోతే రచ్చబండ దగ్గర దిగి నడిపించుకుంటూ పోయేవాడని మా అమ్మ ఇప్పటికీ చెబుతుంది. మా ఇంట్లో మొదటిసారి కాలేజీకి పోయిన నేను అదే సైకిలు ఎక్కి పోయాను. నన్ను ఎవరూ దిగమనలేదు. కానీ లారీ హారన్ కొట్టినప్పుడల్లా తారు రోడ్డు దిగి మట్టిలోకి పోక తప్పేది కాదు. ఈ రెండు దిగడాల మధ్య వున్న సంబంధాన్ని చూడాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

గట్టు మీద ఇల్లు, గట్టు మీద రోడ్డు

డెల్టా రోడ్లు ఎలా పుట్టాయో తెలిస్తే సగం సంగతి అర్థమవుతుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. దాని కింద కాలవలు తవ్వారు. తవ్విన మట్టి గట్టయింది, గట్టు బండిదారయింది, తర్వాత దాని మీద కంకర, తారు పడ్డాయి. అందుకే మన రోడ్లకి చాలాచోట్ల ఒక పక్క కాలవ, రెండో పక్క చేను. ఇప్పుడు చాలావరకు చేను పోయి చేపల చెరువు వచ్చింది. సైకిలు మనిషి పక్కకి తప్పుకోవాలంటే నీళ్ళలోకే తప్పుకోవాలి.

మరి పేటలు ఎక్కడున్నాయి? సెంటు భూమి లేనివాళ్ళకి దొరికేది వూరి చివరి పల్లం, కాలవ గట్టు పోరంబోకు, రోడ్డు మార్జిన్. వూళ్ళో వాళ్ళకి రోడ్డు ప్రయాణం చేసే చోటు. గట్టు మీద వున్న మన వాళ్ళకి అదే వాకిలి. పిల్లలు ఆడేదీ, ఆడవాళ్ళు బట్టలు ఆరేసేదీ, ముసలాళ్ళు నులకమంచం వేసుకునేదీ అక్కడే. మనిషి పోతే చాలాచోట్ల శ్మశానం రోడ్డుకి అవతల వుంటుంది. పాడె మోసేవాళ్ళు కూడా లారీకి దారిచ్చే పోవాలి.

ఆకివీడు మధ్య నుంచి పామర్రు, దిగమర్రులను కలిపే 165వ జాతీయ రహదారి పోతుంది. పడమటి వైపు ఉప్పుటేరు దాటితే కైకలూరు, తూర్పు వైపు ఉండి, ఆ తర్వాత భీమవరం. 2022 జిల్లాల విభజనలో కైకలూరు ఏలూరు జిల్లాకి పోయింది, ఆకివీడు పశ్చిమ గోదావరిలో వుంది. మేత లారీలు, ఐసు బండ్లు, చెరువు మట్టి తోలే ట్రాక్టర్లు, టిప్పర్లు, బెంగాలు, అస్సాం దాకా చేపలు మోసే లారీలు అన్నీ ఈ చుట్టుపక్కల రోడ్ల మీదే తిరుగుతాయి. చేపల లారీ నుంచి కారే నీరు తారులోకి దిగి కంకరని వదులు చేస్తుంది. గుంత పడుతుంది. గుంతని తప్పించడానికి బండి అంచుకి వస్తుంది. ఆ అంచునే మన సైకిలూ, మన నడకా. తారు మీద తారు వేసుకుంటూ పోవడంతో రోడ్డు ఎత్తు పెరుగుతుంది గానీ మార్జిన్ పెరగదు. ఆ బెత్తెడు మెట్టు దిగేటప్పుడు సైకిలు చక్రం జారితే ఏమవుతుందో తొక్కినవాడికే తెలుసు.

ఇంకో సంగతి. నాట్లు, కలుపు, కోత వుండే ఎకరం ఇచ్చినంత కూలిపని చేపల చెరువు ఎకరం ఇవ్వదు. వరి పోయినచోట ముందు పని పోయింది ఆడకూలీలకే. కాబట్టి తెల్లారకుండానే లేచి దూరం పోవాలి. ఆటోలో పట్టినంత మంది, లేదంటే సరుకు బండి మీద. 2024 సెప్టెంబరు 10 రాత్రి దేవరపల్లి మండలంలో జీడిపిక్కల లోడు మినీ లారీ బోల్తాపడి ఆ లోడు మీద వున్న ఏడుగురు కూలీలు చనిపోయారు. దాన్ని ప్రమాదం అన్నారు. కూలీ సరుకు మీద కూర్చుని ఎందుకు ప్రయాణం చేయాల్సి వచ్చిందన్నది ఆ మాటలో లేదు.

మూడు చోట్ల మాయమైన మనిషి

ప్రభుత్వం లెక్కించినదానికే ప్రణాళిక వేస్తుంది. పేట మనిషి నడక ఎక్కడెక్కడ లెక్కకి రాలేదో చూద్దాం.

మొదటిది జనాభా లెక్క. పనికి ఎంత దూరం పోతున్నారు, నడిచా, సైకిలు మీదా, బస్సులోనా అన్న వివరాలు 2011 జనాభా లెక్కల్లో వున్నాయి. కానీ ఆ పట్టిక 'ఇతర శ్రామికుల'కి మాత్రమే. రైతులు, వ్యవసాయ కూలీలు, ఇంటి పరిశ్రమల్లో పనిచేసేవాళ్ళు అందులో లేరు. అంటే రోజూ పొద్దున్నే పుంతల వెంట, గట్ల వెంట నడిచిపోయే వ్యవసాయ కూలీ అసలు ప్రయాణమే చేయనట్టు!

రెండోది చావుల లెక్క. కేంద్ర రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. వాళ్ళలో పాదచారులు 32,825 మంది, ద్విచక్ర వాహనాల మీద పోయినవాళ్ళు 74,897 మంది. వయసు, ఆడామగా, ఎక్కిన బండి అన్నీ రాస్తారు గానీ కులం రాయరు. జైళ్ళ నివేదికలో మాత్రం ఖైదీల్లో ఎస్సీలెంతమందో ఏటా అచ్చువేస్తారు. జైల్లో కనపడే కులం రోడ్డు మీద చచ్చిపోతే ఎందుకు కనపడదు?

మూడోది పరిహారం లెక్క. 2009లో సరళా వర్మ కేసులో సుప్రీంకోర్టు ఖాయం చేసిన పద్ధతిలో చనిపోయిన మనిషి ఆదాయాన్ని వయసుని బట్టి ఒక అంకెతో హెచ్చవేస్తారు. ఆదాయానికి రుజువేదీ? కూలీకి జీతం చీటీ వుండదు. ఇంత సంపాదించి వుంటుందని కోర్టే ఒక అంకె అనుకోవాలి. బతికుండగా తక్కువ కూలి ఇచ్చిన సమాజం చచ్చాక కూడా అదే కూలితో వెలకడుతుంది.

ఢీకొట్టి పారిపోయిన బండి దొరక్కపోయినా పరిహారం వుందన్న సంగతి మన పేటల్లో తెలిసినవాళ్ళు తక్కువ. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో వున్న పథకం కింద చనిపోతే 2 లక్షలు, తీవ్రంగా గాయపడితే 50 వేలు ఇవ్వాలి. దరఖాస్తు రెవెన్యూ అధికారుల దగ్గరే పెట్టుకోవచ్చు.

ఏమడగాలి, ఎవరిని అడగాలి

రోడ్డు జాతీయ రహదారా, ఆర్ అండ్ బిదా, పంచాయతీరాజ్‌దా, నగర పంచాయతీదా, గట్టు ఇరిగేషన్ వాళ్ళదా? అర్జీ పట్టుకుపోతే 'మాది కాదు' అనడానికి ఇన్ని ఆఫీసులున్నాయి. ముందు ఆ రోడ్డు ఎవరిదో రాతపూర్వకంగా తెలుసుకోవాలి. జిల్లా రోడ్డు భద్రతా కమిటీకి కలెక్టరే అధ్యక్షుడు. ఈ ఆఫీసులన్నిటినీ ఒకచోట కూర్చోబెట్టగలిగేది అక్కడే.

అడగడానికి ఆధారాలు లేకపోలేదు. ఫుట్‌పాత్ కనీసం 1.8 మీటర్లు ఖాళీగా వుండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఫుట్‌పాత్ హక్కు 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని 2025 మేలో సుప్రీంకోర్టు అంది. రోడ్డు నిర్మాణ ప్రమాణాలు పాటించక మనిషి చనిపోతే కాంట్రాక్టరుకి, సంబంధిత అధికార సంస్థకి లక్ష రూపాయల దాకా జరిమానా వేసే సెక్షన్ 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో చేరింది. ఎస్సీ సబ్‌ప్లాన్ చట్టం 2013 నుంచి వుంది. ఆ నిధులతో పేట లోపల సిమెంటు రోడ్డు వేసి చేతులు దులుపుకుంటే చాలదు. మనుషులు చనిపోతున్నది పేట నుంచి బడికి, పొలానికి, శ్మశానానికి పోయే దారిలో.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఫుట్‌పాత్ అడిగితే 'ఆక్రమణలు తీసేస్తాం' అని ముందుగా కూల్చేది గట్టు మీది గుడిసెల్నే, రోడ్డు పక్క చేపలమ్ముకునే ఆడవాళ్ళ గంపల్నే. చెరువు గట్టు రోడ్డు మార్జిన్ని తినేసినా అది ఆక్రమణ కాదు. రోడ్డు పక్క చోటు ఎవరిదన్నది మన జిల్లాలో చిన్న ప్రశ్న కాదు. 2017లో పాలకోడేరు మండలం గరగపర్రులో మిగతా విగ్రహాల పక్కన అంబేద్కర్ విగ్రహం పెట్టినందుకు దళితుల్ని వెలివేశారు. అందుకే ఇళ్ళ స్థలాలు ఇవ్వకుండా వెడల్పు వద్దు అన్న షరతు మన అర్జీలో మొదటి వాక్యం కావాలి. స్పీడ్ బ్రేకరు, వీధి దీపం, కాలవ వైపు రక్షణ గోడ దాని తర్వాత.

చదువుకున్న పిల్లలు ప్రతి పేటలో వున్నారు. ఒక వారం పాటు తెల్లవారుజామున, బడి వేళ, సాయంత్రం తమ పేట ముందు ఎంతమంది నడుస్తున్నారో, ఎంతమంది సైకిలు తొక్కుతున్నారో ఒక నోటు పుస్తకంలో రాయాలి. గత పదేళ్ళలో ఆ రోడ్డు మీద పోయినవాళ్ళ పేర్లు, పోయిన చోటు, వచ్చిన పరిహారం పెద్దవాళ్ళనడిగి రాయాలి. రెండు కాపీలు తీసి ఒకటి కలెక్టరుకి ఇచ్చి, అందినట్టు రసీదు తీసుకోవాలి. రెండోది పేటలోనే వుంచుకోవాలి. ప్రభుత్వం దగ్గర లేని లెక్క మన దగ్గరుంటే ఈసారి మాట అక్కణ్ణించే మొదలవుతుంది.