పిల్లల పళ్ళకు రంగు ఎందుకు మారుతుంది?

పక్కింటి పిల్లవాడి పళ్ళు తెల్లగా ఉండి, మన పిల్లవాడి పళ్ళు పసుపుపచ్చగానో గోధుమరంగుగానో ఉంటే తల్లికి దిగులు. "సరిగ్గ తోముకుంటలేడు" అని పిల్లవాణ్ణి కోప్పడతారు. కొందరు ఇటుకపొడి, బొగ్గు పెట్టి గట్టిగా రుద్దుతారు. ఇట్లా రుద్దితే పంటి పైపొర అరిగిపోతుంది గాని లోపలి రంగు పోదు.

పైన పట్టిన గార వేరు, పన్ను తయారయ్యేటప్పుడే అందులో కలిసిన రంగు వేరు. పాలపళ్ళు తల్లి కడుపులో 4వ నెల నుంచే గట్టిపడుతుంటాయి. 6, 7 ఏళ్ళకు బయటపడే ముందరి పెద్ద పళ్ళు, బిడ్డకు 3, 4 నెలలు నిండినప్పటి నుంచే చిగురు కింద తయారవుతుంటాయి. పెద్ద పళ్ళు తయారయ్యే ఈ పని సుమారు 8 ఏళ్ళ వరకు సాగుతుంది. మనం జాగ్రత్త పడవలసింది అప్పుడే.

మొదటిది నీళ్ళు. బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువైతే పళ్ళ మీద సున్నం పూసినట్టు తెల్లచారలు, తరువాత గోధుమరంగు మచ్చలు వస్తాయి. అప్పటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల్లో ఈ జబ్బు ఉన్నట్టు 1937లోనే వైద్యులు రాశారు. నల్లగొండ జిల్లాలో ఎందరికో పళ్ళతో ఆగక ఎముకలు కూడా వంకరపోయాయి. "మాకు గోదావరి దగ్గరే గదా, మాకేం భయం?" అని నవీపేట్ వైపు వాళ్ళు అనుకోవచ్చు. నది నీళ్ళు వేరు, రాతి పొరల్లోంచి వచ్చే బోరు నీళ్ళు వేరు. ఒక బోరు మంచిదైతే పక్క బోరు కూడా మంచిదని నమ్మకం లేదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్ళు తాగడానికి పనికిరావు. కాచినా ఫ్లోరైడ్ పోదు, నీళ్ళు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. పరీక్ష చేయించని బోరు నీళ్ళు పిల్లలకు పట్టకండి. 2016లో మొదలైన మిషన్ భగీరథ నల్లా నీళ్ళు వస్తుంటే అవే తాగించండి. తల్లిపాలలో ఫ్లోరైడ్ చాలా తక్కువ. డబ్బాపాలు బోరు నీళ్ళలో కలిపి పడితే ఆ బిడ్డకే నష్టం.

రెండవది మందులు. జ్వరం రాగానే దుకాణంలో అడిగి మాత్రలు తెచ్చుకునే అలవాటు మనలో ఉంది. టెట్రాసైక్లిన్ మాత్రలు గర్భిణి 4వ నెల తరువాత మింగినా, 8 ఏళ్ళలోపు పిల్లలకు ఇచ్చినా పళ్ళు పసుపు, బూడిదరంగుకు తిరిగి జీవితాంతం అట్లాగే ఉంటాయి. కడుపుతో ఉన్నానన్న మాట ముందుగా చెప్పి, డాక్టరు రాసిన మందే వాడండి. భర్త మందులు తేవడానికి పోతే అతనైనా ఈ మాట చెప్పాలి.

ఐరన్ సిరప్ వల్ల పళ్ళు నల్లబడ్డాయని కొందరు మానేస్తారు. మానవద్దు. అది పైగారే. సిరప్ నాలుక వెనుకగా పోసి, తరువాత నీళ్ళు తాగించండి. పళ్ళ డాక్టరు శుభ్రం చేస్తే పోతుంది.

మనది చెరకు, బెల్లం పేరున్న ప్రాంతం. పాలసీసాలో చక్కెర వేసి నోట్లో పెట్టి పడుకోబెడితే పైపళ్ళు చిగురు దగ్గర మొదట తెల్లబడి, ఆపైన నల్లగా పుచ్చిపోతాయి. తెల్లగీత కనబడగానే ఆసుపత్రికి తీసుకుపోండి. కిందపడి దెబ్బ తగిలాక ఒక్క పన్నే బూడిదరంగుకు మారితే, నొప్పి లేకపోయినా చూపించాలి.

6, 7 ఏళ్ళ పిల్లలకు కొత్తగా వచ్చిన పన్ను పక్కనున్న పాలపన్ను కన్నా కొంచెం పచ్చగా కనబడుతుంది. అది జబ్బు కాదు, పెద్ద పన్ను రంగే అంత.