ఆకాశంలో పోయినవాడికి తద్దినం ఏ తిథిన?

మంత్రాలయంలో ఏటా శ్రావణ బహుళ విదియ నాడు రాఘవేంద్రస్వామి ఆరాధన జరుగుతుంది. స్వామి బృందావన ప్రవేశం చేసింది 1671లో. మూడున్నర శతాబ్దాలుగా ఆ స్మరణ ఏ ఏడాదీ తప్పలేదంటే భక్తి ఒక్కటే కారణం కాదు. ఫలానా చోట, ఫలానా తిథిన అని తెలిసి ఉండటమూ కారణమే. పన్నెండేళ్లకోసారి వచ్చే పుష్కరాల్లో, కడపటిసారి 2020లో, మంత్రాలయం పక్కన పారే తుంగభద్ర ఒడ్డున జనం తమ పెద్దలకు పిండప్రదానం చేశారు. పురోహితుడు అడిగేది గోత్రం, పేరు, వరస. యుద్ధకాలంలో బాంబర్ విమానం ఎక్కి తిరిగిరాని మనిషి దగ్గరికి వచ్చేసరికి ఈ ఏర్పాటంతా తడబడుతుంది. దేహం దొరకదు, పోయిన చోటు తెలియదు, తేదీ ఉన్న టెలిగ్రాం ఏ ట్రంకుపెట్టె అడుగునో చివికిపోతుంది. ఆ మనిషిని నిలబెట్టాల్సిన బాధ్యత కుటుంబానిదే. అందుకు దండ వేసిన ఫొటో చాలదు, కాగితం మీద రాత కావాలి.

రెండో ప్రపంచయుద్ధంలో భారత వాయుసేన 7, 8 స్క్వాడ్రన్లు బర్మా సరిహద్దుల్లో వెంజన్స్ డైవ్ బాంబర్లు నడిపాయి. విమానానికి ఇద్దరు. ముందు పైలట్, వెనక తుపాకీ పట్టిన సహచరుడు. అడవిలోనో సముద్రంలోనో కూలితే ఇద్దరూ ఒకేసారి మాయమయ్యేవారు. దక్షిణ, తూర్పు ఆసియాలో అలా సమాధి లేకుండా పోయిన వైమానికుల పేర్లు సింగపూర్‌లోని క్రాంజి స్మారకం మీద చెక్కి ఉన్నాయి. వారిలో పెళ్లీడు కుర్రవాళ్లు ఎందరో. కొడుకులు లేరు కనుక తద్దినం పెట్టే చేయి లేదు. తల్లిదండ్రులు ఉన్నంతకాలమే ఆ పేరు ఇంట్లో వినిపించేది. అయితే మన ఆచారం ఈ చిక్కును ముందే ఊహించిందని మరిచిపోకూడదు. మహాలయపక్షంలో శస్త్రంవల్ల చనిపోయినవారికని బహుళ చతుర్దశిని ప్రత్యేకించారు, దాన్నే ఘాత చతుర్దశి అంటారు. బాబాయికి, మేనమామకు, అన్నదమ్ములకు, చివరికి స్నేహితుడికి కూడా కారుణ్య పితరుల వరసలో పిండం పెట్టవచ్చు. దేహం దొరకనివాడి కోసం పన్నెండేళ్లు ఎదురుచూసి, దర్భలతో, మోదుగాకులతో రూపం చేసి దహనం చేసే విధి కూడా ఉంది. సంతానం లేనివాడు స్మరణకు నోచుకోడన్న మాట మన సంప్రదాయంలో లేదు. పేరు తెలియకపోతే మాత్రం అది ఏమీ చేయలేదు.

రాత విలువ ఏమిటో ఒక విమానం చరిత్ర చూస్తే తెలుస్తుంది. 1918లో హైదరాబాద్ నిజాం ఇచ్చిన డబ్బుతో బ్రిటిష్ వాయుసేన 110వ స్క్వాడ్రన్‌కు డీహెచ్ 9ఏ బాంబర్లు సమకూరాయి. ఒక్కోదాని మీద నిజాం కానుక అని రాశారు, దళానికి హైదరాబాద్ స్క్వాడ్రన్ అన్న పేరు స్థిరపడింది. వాటిలో ఎఫ్ 1010 అనే విమానం ఆ ఏడాది అక్టోబరు 5న జర్మన్లకు చిక్కింది. బెర్లిన్ ప్రదర్శనశాలకు, తర్వాత పోలండ్‌కు, 1977లో బ్రిటన్‌లోని రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియానికి చేరింది. చెక్కతో, గుడ్డతో చేసిన యంత్రం ఎక్కడెక్కడ తిరిగిందో నూరేళ్ల తర్వాతా చెప్పగలుగుతున్నామంటే, దాని మీద నంబరు ఉంది, ఆ నంబరును ఎవరో చిట్టాలోకి ఎక్కించారు. మనిషికీ సర్వీసు నంబరు ఉంటుంది. దాన్ని ఇంట్లో ఎవరూ రాసి పెట్టుకోరు.

అది తెల్లవాడి యుద్ధం, మనవాడు కూలికి పోయాడు, దానికింత స్మరణ ఎందుకని అడిగేవారుంటారు. ఎవరి యుద్ధమన్నది చరిత్రకారులు తేల్చాల్సిన ప్రశ్న. చెల్లెలికి అన్న తిరిగి రాలేదన్నది తేలిన సంగతి. ఇంతకంటే బరువైన అభ్యంతరం ఇంకొకటి ఉంది: బాంబు వేసినవాణ్ణి తలుచుకుంటూ, ఆ బాంబు కింద పోయినవాళ్లను మరిచిపోవచ్చా? తెలుగువాళ్లకు ఈ ప్రశ్న పరాయిది కాదు. 1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు కురిపించాయి. ఆ రేవులో మూటలు మోసినవారిలో అధికులు మనవాళ్లే. 1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీదా బాంబులు పడ్డాయి. కనుక వైమానికుడి కథ రాసేటప్పుడు అతను ఏ ఊరి మీదికి వెళ్లాడో, కింద ఎవరున్నారో కూడా రాయాలి. దానివల్ల అతని మీద ప్రేమ తగ్గదు. పిండం పెట్టేటప్పుడు గోత్రం అడుగుతారు గాని యోగ్యతాపత్రం అడగరు. పొగడ్త కోసం నిజాన్ని దాచిన స్మరణలో మిగిలేది కల్పితవీరుడే, మన ఇంటి మనిషి కాడు.

ఇన్నేళ్లయ్యాక తవ్వితే మానిన గాయం రేగుతుందని కొందరి భయం. 2016 జూలై 22న తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్ వెళ్తూ 29 మందితో ఏఎన్-32 విమానం అదృశ్యమైంది. అందులో విశాఖ నావికాదళ ఆయుధ డిపో ఉద్యోగులు 8 మంది ఉన్నారు. అది యుద్ధం కాదు, కాని ఆ ఇళ్లలో ఎదురుచూపు ఆ జాతిదే. సముద్రంలో సుమారు 3,400 మీటర్ల లోతున శకలాలు కనబడ్డాయన్న కబురు 2024 జనవరిలో వచ్చింది. చట్టం ఏడేళ్లు ఆచూకీ లేకపోతే మరణించినట్టు భావించమంటుంది. మనసుకు మాత్రం అలాంటి గడువు చాలదు. ఎక్కడ అన్న ప్రశ్నకు జవాబు దొరకడం దుఃఖాన్ని పెంచదు, దానికి కూర్చోవడానికి ఒక చోటిస్తుంది. సమాధుల పండుగ నాడు కొవ్వొత్తి పెట్టడానికి సమాధే లేని క్రైస్తవ కుటుంబానికీ, ఫాతిహా చదివే ముస్లిం కుటుంబానికీ ఈ మాట వర్తిస్తుంది.

కర్నూలులోనో కడపలోనో మీ ఇంట్లో అలాంటి పేరు ఒకటి ఉంటే, ఇంట్లో పెద్దవాళ్లు ఉండగానే అడిగి, పూర్తి పేరు, సర్వీసు నంబరు, స్క్వాడ్రన్ రాసిపెట్టుకోండి. కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్‌లో పేరు వెతకడానికి పైసా అక్కర్లేదు, మరణ తేదీ కూడా అక్కడే ఉంటుంది. బ్రిటిష్ స్క్వాడ్రన్లు రోజువారీ రాసుకున్న చిట్టాలు లండన్ శివారు క్యూలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ఆ తేదీ తీసుకుని పాత పంచాంగంలో తిథి చూపించుకోండి.