నిరుద్యోగం 3.2 శాతమేనట! మరి మనకు జాబ్ ఎందుకు దొరకట్లేదు?

ఈ ఎపిసోడ్‌లో ఒక్క నంబర్ గురించే మాట్లాడుకుందాం. గవర్నమెంట్ సర్వే ప్రకారం 2023-24లో మన దేశంలో నిరుద్యోగ రేటు 3.2 శాతం. అంటే వందకి ముగ్గురే. కానీ మీ బ్యాచ్ వాట్సాప్ గ్రూప్ చూస్తే అలా అనిపించదు కదా! మరి లెక్క అబద్ధమా? కాదు. ఆ లెక్క ఏ ప్రశ్నకి జవాబో మనం చూడట్లేదు, అంతే.

ఈ నంబర్ పీఎల్ఎఫ్ఎస్ అనే సర్వే నుంచి వస్తుంది. ఇందులో మనుషులు మూడు గుంపులు. ఒకటి, పని చేస్తున్నవాళ్లు. రెండు, పని లేదు కానీ చేయడానికి రెడీగా ఉన్నవాళ్లు. మూడు, చదువుకునేవాళ్లు, ఇంటిపనికే పరిమితమైనవాళ్లు లాంటివాళ్లు. మొదటి రెండు గుంపులూ కలిపితే అందులో రెండోది ఎంత శాతమో అదే నిరుద్యోగ రేటు. మూడో గుంపు అసలు లెక్కలోకే రాదు.

ఇప్పుడు గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్న ఒక అబ్బాయిని ఊహించుకోండి. "ప్రస్తుతం చదువుకుంటున్నా, వేరే పని చెయ్యను" అంటే మూడో గుంపు. నిరుద్యోగి కాదు. అదే అబ్బాయి ఏడాదిలో ఒక 30 రోజులు నాన్న కిరాణా కొట్లో కూర్చున్నాడనుకోండి. రూపాయి జీతం లేకపోయినా పని ఉన్నవాడి కిందే లెక్క! ఇంకో పద్ధతిలో అయితే గడిచిన 7 రోజుల్లో ఒక్క గంట పని చేసినా చాలు. ఆ పద్ధతిలో అదే ఏడాది రేటు 4.9 శాతం.

సాఫ్ట్‌వేర్‌లో పని చేసినవాళ్లకి ఇది తెలుసు. టెస్ట్ పాస్ అయిందంటే ప్రోడక్ట్ బాగుందని కాదు. ఆ టెస్ట్ ఏం చెక్ చేసిందో చూడాలి. ఈ రేటు చెక్ చేసేది "పని ఉందా లేదా" అని మాత్రమే. "ఆ పనితో బతకగలరా" అని కాదు.

అందుకే పక్కనున్న నంబర్లు కూడా చూద్దాం. 2017-18లో పనిచేసేవాళ్లలో నెల జీతం లాంటి రెగ్యులర్ పని ఉన్నవాళ్లు 22.8 శాతం. 2023-24కి అది 21.7. అదే టైమ్‌లో స్వయం ఉపాధి 52.2 నుంచి 58.4 శాతానికి పెరిగింది. ఇందులో షాపు ఓనరూ ఉన్నాడు, జీతం లేకుండా ఇంట్లోవాళ్ల పొలంలో పనిచేసే అమ్మాయీ ఉంది. వ్యవసాయంలో ఉన్నవాళ్లు 44.1 నుంచి 46.1 శాతం అయ్యారు. దేశం ఎదుగుతుంటే జనం పొలం నుంచి ఫ్యాక్టరీకో, ఆఫీసుకో వెళ్లాలి. ఇక్కడ ఉల్టా జరిగింది.

ఇంకో విచిత్రం. ఐఎల్ఓ 2024 రిపోర్ట్ ప్రకారం 2022లో యువ గ్రాడ్యుయేట్లలో నిరుద్యోగం 29.1 శాతం. చదవడం, రాయడం రాని యువతలో 3.4 శాతమే! చదువుకుంటే నష్టమా? కాదండీ. ఇంట్లో గడవనివాడు ఖాళీగా కూర్చోలేడు, ఏ కూలి దొరికితే ఆ కూలికి పోవాల్సిందే. డిగ్రీ ఉన్నవాడు తన చదువుకి తగ్గ పని కోసం వెయిట్ చేస్తాడు, ఇంట్లోవాళ్లు కొన్నాళ్లు పోషించగలిగితే.

మరి పాలసీ ఏం చేస్తోంది? 2025 జులైలో కేంద్రం 99,446 కోట్ల స్కీమ్ ఓకే చేసింది. మొదటిసారి ఉద్యోగంలో చేరినవాళ్లకి 15,000 దాకా, కొత్తగా తీసుకున్న కంపెనీకి ఒక్కో ఉద్యోగి మీద నెలకి 3,000 దాకా ఇస్తారు. పీఎఫ్ ఉన్న ఉద్యోగాలు పెరగడానికి ఇది హెల్ప్ అవ్వొచ్చు. కానీ ఆర్డర్లే లేని కంపెనీ 3,000 కోసం మనిషిని పెట్టుకోదు కదా. అసలు చిక్కు అక్కడుంది.

కాబట్టి ఈసారి "నిరుద్యోగం తగ్గింది" అని ఏ పార్టీవాళ్లు చెప్పినా మూడు ప్రశ్నలు వేయండి. ఏ పద్ధతిలో లెక్క? జీతం ఉన్న పని పెరిగిందా? వ్యవసాయం మీద ఆధారపడేవాళ్లు తగ్గారా? అలాగే జాబ్ రాక ఇంట్లో ఉన్నవాళ్లకి ఒక మాట: 3.2 శాతం అన్న వార్త చూసి తప్పంతా నాదే అనుకోకండి. ఆ లెక్కలో మీరు ఉన్నారో లేదో కూడా డౌటే.

మీరు ఏ గుంపులోకి వస్తారో కామెంట్‌లో చెప్పండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.