ఆగిన చక్రములు

మన పల్లెలలో కాలము తెలిసికొనుటకు గడియారముకంటె బస్సు మేలైన సాధనము. తొలి బస్సు వచ్చినదన్నచో పాలు పోయువాడు బిందెలతో బయలుదేరవలెను. ఎనిమిది గంటల బస్సు వచ్చు వేళయైనదన్నచో ఆడపిల్లలు జడలు ముగించుకొని రోడ్డెక్కవలెను. ఆ బస్సు రాని దినమున ఊరికి కాలమే తప్పిపోవును. సమ్మె యనునది పట్టణవాసికి పత్రికలోని పెద్దక్షరముల శీర్షిక. పల్లెవానికది శూన్యముగా కనబడు రోడ్డు మలుపు.

నైజాము రాష్ట్రపు రైల్వే 1932 జూనులో 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో ఆరంభించిన రోడ్డు రవాణా శాఖ, కాలక్రమమున చేతులు మారి, 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థగా రూపొందినది. రాష్ట్రము రెండైన పిమ్మట సంస్థయు రెండైనది. రైలు మొగము చూడని ఊళ్ళు తెలుగునాట నేటికిని అనేకము కలవు. కనుకనే ఏ ఉద్యమమునకైనను బస్సు నాపుట తిరుగులేని అస్త్రమైనది. 2011 సెప్టెంబరు 13న మొదలై 42 దినములు సాగిన సకల జనుల సమ్మెలో తెలంగాణ బస్సులు డిపోలలో నిలిచినవి, బడులు మూతపడినవి. 2013 ఆగస్టు 12 అర్ధరాత్రి నుండి సుమారు రెండు నెలలు సీమాంధ్ర బస్సులు కదలలేదు. రాష్ట్ర విభజనము కావలెనని ఒకటి, వలదని మరియొకటి, కోరికలు ఎదురెదురు. బస్టాండులో మూటమీద కూర్చున్నవాని పాట్లు మాత్రము రెండుచోట్లను ఒక్కటే.

2019 నాటి తెలంగాణ సమ్మె వేరొక జాతిది. ఇది రాష్ట్రము కొరకు కాదు, ఉద్యోగము కొరకు. సంస్థను ప్రభుత్వములో విలీనము చేయవలెనను కోరిక మొదలుగా 26 కోరికలతో సుమారు 48,000 మంది కార్మికులు అక్టోబరు 5న విధులు మానిరి. మరునాడు సద్దుల బతుకమ్మ, ఎనిమిదవ తేదీ విజయదశమి. ఆడపడుచులు పుట్టింటికి, పట్టణమున కూలికి పోయినవారు సొంత ఊరికి చేరు దినములవి. గడువులోగా విధులకు రానివారు తమంత తామే ఉద్యోగములు వదలుకొన్నట్లని ముఖ్యమంత్రి ప్రకటించిరి. పండుగకు ఊరు చేరగోరినవాడు జీపులో అంచుమీద వ్రేలాడుచు, ప్రైవేటు బండివాడు అడిగినంత ఇచ్చుచు పోవలసివచ్చెను.

ప్రభుత్వము తాత్కాలికముగా డ్రైవర్లను, కండక్టర్లను దినకూలిపై నియమించి కొన్ని బస్సులను నడిపినది. వారిలో కొందరు టిక్కెట్టు ఇయ్యక, నోటికి వచ్చిన చార్జి వసూలు చేసిరని ఫిర్యాదులు వచ్చినవి. విద్యార్థులకు తగిలిన దెబ్బ మరింత విచిత్రమైనది. వారి చేతిలో పాసు కలదు. ముందుగా డబ్బు కట్టి తీసికొన్నది. క్రొత్త కండక్టరు అది చెల్లదనెను. పాసులను అంగీకరింపవలెనని మంత్రి ఆదేశింపవలసి వచ్చినది. తాను కొన్న హక్కు చెల్లునని నిరూపించుకొనుటకు పదునాలుగేండ్ల బాలిక ఫుట్‌బోర్డుమీద వాదించుట చిన్న విషయముగా తోచవచ్చును. కాని బడి మానిపించుటకు కారణము వెదకు ఇంటిలో ఆ వాదమే సాకు కాగలదు. ఆటోకు రోజునకు రానుపోను వెచ్చించు స్తోమత లేనిచోట ఇంట మొదట ఆగునది కుమార్తె చదువే.

దసరా సెలవులు అక్టోబరు 13తో ముగియవలసియుండగా బస్సులు లేనందున 19 వరకు పొడిగింపబడినవి. ఆ 19న రాష్ట్ర బందు. పట్టణమున మెట్రో రైళ్ళు క్రిక్కిరిసినవి. సొంత వాహనమున్న ఇంటి పిల్లవానికి ఇవి అదనపు సెలవులు. పదవ తరగతి పిల్లవానికి మార్చి పరీక్ష మాత్రము ఆ సెలవుల వలన వెనుకకు జరుగలేదు.

ఐనను తప్పంతయు కార్మికునిదే యనుట న్యాయము కాదు. ఆ డ్రైవరు బిడ్డలును ఆ బడులకే పోవుదురు. సెప్టెంబరు జీతము చేతికి రాకుండగనే ఇంటి అద్దె, పిల్లల ఫీజు నెత్తిన పడినవి. ఖమ్మములో ఒక డ్రైవరు ప్రాణత్యాగము చేసెను. నాడు అమలులోనున్న 1947 నాటి పారిశ్రామిక వివాదముల చట్టము ప్రజోపయోగ సేవలలో సమ్మెకు ముందు నోటీసు ఇయ్యవలెననియు, ఇచ్చిన పిదప 14 దినములు ఆగవలెననియు విధించినది. ఆ గడువు చర్చల కొరకు. ఇరుపక్షములు దానిని కండబలము చూచుకొనుటకే వాడుకొనుట మన దేశమున పరిపాటియైనది. సమ్మె చట్టవిరుద్ధమా కాదా యను ప్రశ్న హైకోర్టు దాక పోయి, అచ్చట తేలక, నవంబరు 18న లేబరు కమిషనరు వద్దకు మరలినది. రోజూ కళాశాలకు పోవలసినవాడు ఆ తీర్పు కొరకు ఎట్లు ఆగును?

నవంబరు 25న, అనగా 52వ దినమున, కార్మికులు సమ్మె విరమించిరి. విలీనము కుదరలేదు. వెంటనే విధులలో చేర్చుకొనుటయు జరుగలేదు. 29న గాని డిపో గేట్లు వారికి తెరువబడలేదు. పొరుగున ఆంధ్రప్రదేశములో 2020 జనవరి 1 నుండి కార్మికులు ప్రభుత్వోద్యోగులైరి. తెలంగాణ శాసనసభ అట్టి బిల్లును 2023 ఆగస్టులో ఆమోదించినది. 2019లో సాధ్యము కాదన్నదే నాలుగేండ్లకు బిల్లై వచ్చినది.

సంస్థ నష్టము పూడ్చుటకు ప్రయాణికునికే లెక్క చెప్పిరి. 2019 డిసెంబరు మొదటి వారములో చార్జి కిలోమీటరుకు 20 పైసలు పెరిగినది. విద్యార్థుల పాసుల వెలయు పెరిగినది. పల్లెవెలుగు బస్సులో కనీసపు టిక్కెట్టు 5 రూపాయల నుండి 10 రూపాయలైనది.