ఫిట్స్ ఎలా ఆగాయన్నదే లెక్క

సినిమాల్లో కరెంట్ షాక్ అంటే మంచానికి కట్టేసిన మనిషి, మీట నొక్కే డాక్టరు, కెవ్వున కేక. అసలు ఈసీటీ, అంటే మెదడుకు కరెంటిచ్చి ఫిట్స్ తెప్పించి డిప్రెషన్ తగ్గించే వైద్యం, చూడబోతే అవేవీ కనిపించవు. రోగికి మత్తిచ్చి, కండరాలు వదులయ్యే మందు ఎక్కిస్తారు. ఆ మందు ఒక పాదానికి చేరకుండా చీలమండ పైన బీపీ పట్టీ ముందే బిగిస్తారు. బటన్ నొక్కాక బాగా కొట్టుకునేది ఆ పాదమే. ఫిట్స్ ఎంతసేపు నడిచాయో దాన్ని చూసి లెక్కేస్తారు.

1938లో రోమ్‌లో లూచో బీనీ, ఆయన గురువు ఉగో చెర్లెట్టి వాడిన తొలి యంత్రం గోడ ప్లగ్గు కరెంటు లాంటి అలనే తలలోకి పంపేది. 50 హెర్ట్జ్ కరెంటులో ఒక్కో అర అలకు 10 మిల్లీసెకన్లు పడుతుంది. నాడీకణం స్పందించడానికి అందులో పదో వంతు చాలు. మిగతా కరెంటు వల్ల ఒరిగేదేం లేదు, పైగా జ్ఞాపకశక్తికి చేటు. అందుకే నేటి యంత్రం ఒక మిల్లీసెకను, అంతకన్నా చిన్న పల్స్‌లను వరసగా వదులుతుంది. కరెంటును దాదాపు 0.8, 0.9 ఆంపియర్ల దగ్గర కదలకుండా నిలబెడుతుంది. తల ఎంత అడ్డుపడితే వోల్టేజీని అంత పెంచుకుంటుంది. ఓమ్ సూత్రం ఇంత ముచ్చటగా పనిచేసే చోటు నాకు మరొకటి కనబడలేదు.

మరి ఫిట్స్ అందరికీ వస్తున్నప్పుడు తీవ్రమైన డిప్రెషన్ కొందరికే ఎందుకు తగ్గుతుంది? ఫిట్స్ వస్తే చాలు, అదే వైద్యం అని చాలాకాలం నమ్మారు. ఆ నమ్మకాన్ని న్యూయార్క్‌లో హెరాల్డ్ సాకైమ్ బృందం కూలదోసింది. 1993లో వాళ్లు ప్రచురించిన ఫలితాల్లో, తలకు కుడివైపు మాత్రమే తక్కువ మోతాదు ఇచ్చినవాళ్లలో 17 శాతం మందే కోలుకున్నారు. రెండు కణతలకూ అదే తక్కువ మోతాదు ఇస్తే 65 శాతం! ఫిట్స్ మాత్రం అందరికీ సరిగ్గానే వచ్చాయి. ఫిట్స్ తెప్పించే కనీస మోతాదు మనిషి మనిషికీ మారుతుంది, వయసుతో పెరుగుతుంది. దాన్ని మొదటి రోజే కొద్దికొద్దిగా పెంచుతూ కనిపెట్టి, దానికి ఆరు రెట్లు ఇస్తే ఒకవైపు పద్ధతి కూడా గట్టిగానే పనిచేస్తుందని తర్వాత తేలింది.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఫిట్స్ నడుస్తుండగా మెదడు విద్యుత్తును గీసే ఈఈజీ కాగితం. ముందు ముళ్ల లాంటి గీతలు, తర్వాత పెద్దపెద్ద నెమ్మది అలలు, ఆపైన ఠక్కున చదును. మెదడు తనకు తానే బ్రేకు వేసుకున్న చోటది. నయం చేసేది ఆ బ్రేకేనని ఒక వాదం. 1999లో బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ పరిశోధకులు ఫిట్స్ ఆగాక వచ్చే గీత ఎంత గజిబిజిగా ఉందో ఫ్రాక్టల్ గణితంతో కొలిచారు. మొదటి షాక్ తర్వాత ఆ గజిబిజి ఎంత తక్కువైతే, రెండు వారాలకు రోగి అంత మెరుగు.

గీతే కాదు, రోగిని బట్టి కూడా ఫలితం మారుతుంది. వృద్ధులకు, భ్రమలతో కూడిన డిప్రెషన్ ఉన్నవాళ్లకు గుణం ఎక్కువ. ఏళ్ల తరబడి ముదిరిన జబ్బుకు తక్కువ. ఇన్ని కొలతలున్నా ఒక్క గీత చూసి ఎవరూ తీర్పు చెప్పరు. కొన్ని షాక్‌లయ్యాక రోగి అన్నం తింటున్నాడా, రాత్రి నిద్రపోతున్నాడా అని ఇంట్లోవాళ్లను అడుగుతారు. మొదటి రెండు వారాల్లో కనిపించే ఆ మార్పు కూడా గట్టి సూచికే.