ర్యాంకు చూసి ఇల్లు కొంటే: ఆస్ట్రేలియా స్కూళ్లపై అపోహలు – వాస్తవాలు

"పాయింట్ కుక్ మంచిదా, టార్నీట్ మంచిదా? అక్కడి స్కూలు ర్యాంకు ఎంత?" మెల్‌బోర్న్ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఈ ప్రశ్న పడని వారం ఉండదు. సిడ్నీలో అయితే వెంట్‌వర్త్‌విల్, స్కోఫీల్డ్స్, మార్స్‌డెన్ పార్క్ అని ఊళ్ల పేర్లు మారతాయి, ప్రశ్న మాత్రం అదే. 2016 జనాభా లెక్కల్లో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు ఆస్ట్రేలియా మొత్తమ్మీద సుమారు 34 వేలు. 2021కి ఆ సంఖ్య దాదాపు 59 వేలు. అడిగేవాళ్లు పెరిగారు, చెప్పేవాళ్లూ పెరిగారు.

ఎంసెట్ ర్యాంకులు, కార్పొరేట్ కాలేజీల హోర్డింగులు చూస్తూ పెరిగిన తరం మనది. ఫ్లెక్సీ మీద ఎన్ని ఫొటోలుంటే కాలేజీ అంత గొప్పదని నమ్మే అలవాటు మనతోపాటే విమానం ఎక్కి వచ్చేసింది. ఇక్కడ స్కూలు పేరు పక్కన కనిపించే అంకె అసలు దేన్ని కొలుస్తోందో అడక్కుండానే ముప్ఫై ఏళ్ల అప్పు నెత్తికెత్తుకుంటున్నాం.

అపోహ: నాప్లాన్ స్కోరు ఎక్కువున్న స్కూల్లో చదువు బాగా చెబుతారు

నాప్లాన్ 2008లో మొదలైన జాతీయ పరీక్ష. 3, 5, 7, 9 తరగతుల పిల్లలు చదవడం, రాయడం, భాషా నియమాలు, లెక్కల్లో రాస్తారు. 2023 నుంచి దీన్ని మార్చి నెలలో పెడుతున్నారు. ఫలితాన్ని నాలుగు స్థాయిల్లో చెబుతున్నారు. స్కూళ్లవారీ వివరాలు 'మై స్కూల్' అనే ప్రభుత్వ వెబ్‌సైటులో 2010 నుంచి ఉంటున్నాయి. దాన్ని నడిపే అకారా సంస్థ మాత్రం స్కూళ్లకు ర్యాంకులు ఇవ్వదు. గ్రూపుల్లో తిరిగే "నూటికి 98" లాంటి అంకెలు ప్రైవేటు సైట్లు తమ లెక్క ప్రకారం వేసుకున్నవి.

ఆ లెక్కలో దాగిన సంగతి ఒకటుంది. మై స్కూల్‌లో ప్రతి స్కూలుకీ 'ఇక్సియా' అనే సూచీ కనిపిస్తుంది. దాని జాతీయ సగటు 1000. పిల్లల మార్కులతో దానికి సంబంధం లేదు. తల్లిదండ్రులు ఎంత చదివారు, ఏ ఉద్యోగం చేస్తున్నారు, స్కూలు ఎక్కడుంది, ఆదివాసీ పిల్లలు ఎంతమంది అన్నవాటితో కడతారు. ఇక్సియా 1150 ఉన్న స్కూల్లో నాప్లాన్ స్కోరు ఎక్కువగా ఉండడంలో వింతేముంది? డాక్టర్లు, ఇంజనీర్లు ఉన్న వీధిలో పిల్లలకి రాత్రిపూట కథలు చదివి వినిపించేవాళ్లుంటారు, ఆదివారం ట్యూషన్లుంటాయి. ఆ మార్కుల్లో టీచరు వాటా ఎంత, అమ్మానాన్నల వాటా ఎంత అన్నది ర్యాంకు చెప్పదు. ఇంకో మాట. మూడో తరగతిలో అరవైమంది రాసే చిన్న స్కూల్లో నాలుగు కుటుంబాలు ఇల్లు మారితే చాలు, సగటు అటో ఇటో జరిగిపోతుంది. ఒక్క ఏడాది అంకె పట్టుకుని ఇల్లు కొనేవాళ్లని చూస్తే నాకు భయమేస్తుంది.

పనికొచ్చే సమాచారం కూడా ఆ సైటులోనే ఉంది, మనవాళ్లు అంతదూరం కిందికి దిగి చూడరు. ఇలాంటి నేపథ్యమే ఉన్న పిల్లలతో పోలిస్తే ఈ స్కూలు పిల్లలు ఎలా ఉన్నారో అక్కడ చూపిస్తారు. ఇక్సియా 980 ఉండి ఈ పోలికలో ఏటా ముందుండే స్కూలు, 1130 ఉండి వెనకబడే స్కూలు కంటే బాగా చెబుతోందని అనుకోవచ్చు. మొదటిదాన్ని ఏ గ్రూపులోనూ ఎవరూ సిఫారసు చేయరు.

దానికన్నా మేలు స్కూల్ టూరుకి వెళ్లడం. ప్రిన్సిపల్ స్వయంగా తిప్పి చూపించే స్కూళ్లు చాలా ఉన్నాయి. కొత్త బిల్డింగుని చూసి మురిసిపోకుండా అడగాల్సినవి అడగండి. నిరుడున్న టీచర్లలో ఈ ఏడాది ఎంతమంది ఉన్నారు? టీచరు సెలవు పెడితే ఆ క్లాసుని ఎవరు చూస్తారు, పక్క తరగతుల్లో సర్దేస్తారా? చదవడం ఎలా నేర్పుతారు? మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రం సర్కారు బడుల్లో ప్రెప్ (బడిలో మొదటి ఏడాది) నుంచి రెండో తరగతి దాకా రోజుకి కనీసం 25 నిమిషాలు ఫోనిక్స్ (అక్షరాల ధ్వనులతో చదవడం) చెప్పాలన్న నిర్ణయం 2025 నుంచి అమల్లోకి వస్తోంది. దాని గురించి అడిగితే ప్రిన్సిపల్ ముఖంలో ఉత్సాహం కనిపిస్తుందా, విసుగు కనిపిస్తుందా అన్నది ఏ సైటులోనూ దొరకదు. లంచ్ బెల్ అయ్యేదాకా ఆగగలిగితే ఆగండి. టోపీ లేని పిల్లాడు "నో హ్యాట్, నో ప్లే" అని నీడలో కూర్చున్నప్పుడు వాడి దగ్గరికి ఎవరైనా వెళ్తున్నారో లేదో చూడండి.

అపోహ: సెలెక్టివ్ స్కూలు పక్కన ఇల్లుంటే సీటు దగ్గరవుతుంది

ఇది మనవాళ్లలో బలంగా నాటుకుపోయింది. వెర్రిబీలో 2011లో తెరిచిన సుజాన్ కోరీ హైస్కూల్ పేరు చెప్పి చుట్టుపక్కల ఇళ్లు అమ్మేవాళ్లున్నారు.   బెర్విక్‌లోని నోసల్ హైస్కూల్, మెల్‌బోర్న్ హై, మాక్‌రాబర్ట్‌సన్ గర్ల్స్‌తో కలిపి విక్టోరియాలో సెలెక్టివ్ స్కూళ్లు (ప్రవేశ పరీక్షతో చేర్చుకునే సర్కారు బడులు) నాలుగే. వీటికి జోన్ (స్థానికులకి సీటు ఇచ్చే ప్రాంతపు హద్దు) లేదు. తొమ్మిదో తరగతిలో చేరడానికి ఎనిమిదిలో ప్రవేశ పరీక్ష రాయాలి. టార్నీట్ పిల్లకీ జీలాంగ్ పిల్లకీ పరీక్ష ఒకటే. స్కూలు గేటు ఎదురుగా ఇల్లున్నా ఒక్క మార్కు కలవదు. కలిసొచ్చేది బస్సు ప్రయాణం మాత్రమే.

అంతకంటే ముఖ్యమైన నియమం ఒకటుంది. ఏ ఒక్క స్కూలు నుంచైనా, దాని ఎనిమిదో తరగతి పిల్లల్లో సాధారణంగా 5 శాతానికి మించి ఈ సీట్లు ఇవ్వరు. కొద్దిపాటి మినహాయింపులున్నాయి, అవి వేరే కోటాలు. ఎనిమిదిలో 200 మంది ఉన్నారనుకుంటే పదిమందికి. ఇప్పుడు ఆలోచించండి. కోచింగ్ తీసుకునే పిల్లలంతా పోగైన 'మంచి జోన్' స్కూల్లో మీ అమ్మాయిని చేరిస్తే, ఆ పది సీట్ల కోసం ఆమె పోటీపడాల్సింది ముందుగా తన క్లాసులోవాళ్లతోనే. పేరులేని స్కూల్లో ఉంటే ఆ ఇరుకు ఉండకపోవచ్చు. ర్యాంకు చూసి జోన్ కొన్నవాళ్లకి ఈ సంగతి ఎనిమిదో తరగతిలో తెలుస్తుంది.

సిడ్నీ ఉన్న న్యూసౌత్‌వేల్స్ రాష్ట్రం పద్ధతి వేరు. అక్కడ ఆరులో పరీక్ష రాసి ఏడులో చేరతారు. గిరవీన్‌లో ఇల్లుంటే గిరవీన్ హైస్కూల్ వచ్చేస్తుందనుకునేవాళ్లు ఇప్పటికీ తగులుతున్నారు. అది పూర్తిగా సెలెక్టివ్, ఆ వీధిలో పుట్టినవాడైనా పరీక్ష రాయాల్సిందే. కార్లింగ్‌ఫర్డ్‌లోని జేమ్స్ రూస్ అగ్రికల్చరల్ హైస్కూల్ 27 ఏళ్లు వరసగా హెచ్‌ఎస్‌సీ (అక్కడి పన్నెండో తరగతి పరీక్ష) జాబితాలో మొదట నిలిచింది. 2023లో ఆ చోటు నార్త్ సిడ్నీ బాయ్స్‌కి పోయింది. మనవాళ్లు ఆ వార్తని క్రికెట్ స్కోరులా పంచుకున్నారు. ఆ జాబితా కట్టేది బ్యాండ్ 6, అంటే 90, ఆపైన వచ్చిన ఫలితాలు ఎన్ని అన్న లెక్కతోనే. 89 వచ్చిన పిల్లవాడికీ 49 వచ్చిన పిల్లవాడికీ ఆ జాబితా దృష్టిలో తేడా లేదు. మీవాడు సగటు విద్యార్థి అయితే ఆ స్కూలు వాడికేం చేస్తుందో దాన్నిబట్టి తేలదు.

పిల్లకి నాలుగేళ్లుండగా, పదేళ్ల తర్వాతి పరీక్ష కోసం సబర్బ్ ఎంచుకోవడం ఎందుకో నాకు అర్థం కాదు.

అపోహ: మంచి జోన్ కావాలంటే ఇల్లు కొనాల్సిందే

అక్కర్లేదు. జోన్‌లో నిజంగా నివాసం ఉంటే చాలు, సొంతిల్లయినా అద్దె ఇల్లయినా హక్కు ఒకటే. విక్టోరియాలో తన జోన్ సర్కారు బడిలో ప్రతి పిల్లకీ సీటు గ్యారంటీ. 'ఫైండ్ మై స్కూల్' సైటులో అడ్రసు కొడితే ఏ స్కూలో చూపిస్తుంది. అక్కడ ఏడాది, తరగతి స్థాయి కూడా ఎంచుకోవాలి. చాలామంది ఆ పని చేయరు, ప్రైమరీ జోన్ చూసి హైస్కూలూ అదేననుకుంటారు. న్యూసౌత్‌వేల్స్‌లో స్కూలు వాళ్లు లీజు, కరెంటు బిల్లు లాంటివి చూసి నూరు పాయింట్ల లెక్కతో అడ్రసు తేల్చుకుంటారు. ఎక్కడో ఉంటూ జోన్‌లో కొన్న ఫ్లాటుని కిరాయికిచ్చి, ఆ అడ్రసు మీద చేరుస్తామంటే కుదరదు.

ఇంకో తిరకాసు ఏమిటంటే జోన్లు కదులుతాయి. కొత్త స్కూలు తెరిస్తే పాతదాని హద్దు చిన్నదవుతుంది. గ్లెన్ వేవర్లీ, బాల్విన్, మెకినన్ హైస్కూళ్ల పేర్ల చుట్టూ ఇళ్ల ధరలు పెరగడం ఏళ్లుగా చూస్తున్నదే. వచ్చిపడే పిల్లల్ని సర్దడానికి మెకినన్ సెకండరీ 2022లో రెండో క్యాంపస్ తెరవాల్సి వచ్చింది. గీత ఇవాళ ఇంటికి అటువైపుంది కదా అని పదేళ్ల తర్వాతా అక్కడే ఉంటుందని ఎవరూ రాసివ్వరు. చిన్న పిల్లలున్నవాళ్లు ముందు ఏడాదో రెండేళ్లో అద్దెకుండి స్కూలు చూసుకుని తర్వాత కొనడమే మంచిదని నా అభిప్రాయం. ఏజెంట్లు ఒప్పుకోరు.

అపోహ: బ్రోషర్‌లో స్కూలుంది కాబట్టి స్కూలు వస్తుంది

కొత్త ఎస్టేట్ల సేల్స్ ఆఫీసుల్లో గాజు పెట్టెలో నమూనా ఊరు ఉంటుంది. పచ్చటి పార్కు, బుల్లి చెరువు, మధ్యలో స్కూలు. బ్రోషర్ అడుగున చీమతలకాయంత అక్షరాల్లో "ప్రతిపాదిత" అని ఉంటుంది. స్థలం కేటాయించడం వేరు, ప్రభుత్వం బడ్జెట్‌లో డబ్బు పెట్టడం వేరు, తలుపులు తెరవడం వేరు. టార్నీట్, పాయింట్ కుక్ ఉండే విండమ్ కౌన్సిల్ పరిధిలో 2021 నాటికే 2 లక్షల 92 వేల మంది ఉన్నారు. జనం పెరిగే వేగానికి స్కూళ్లు కట్టడం తేలికేం కాదు. ఈలోగా ఉన్న స్కూళ్ల మైదానాల్లో పోర్టబుల్ గదులు వరసగా దిగుతాయి. గదులకంటే మైదానం తగ్గడమే నన్ను ఎక్కువ బాధపెడుతుంది. రైలు విషయమూ అంతే. టార్నీట్ స్టేషన్ 2015లో వచ్చింది, కానీ అక్కడ ఆగేవి జీలాంగ్ వైపు వెళ్లే వి-లైన్ ప్రాంతీయ రైళ్లు, మెట్రో కాదు.

కొత్త స్కూళ్లంటే మాత్రం భయం అక్కర్లేదు. ప్రిన్సిపల్ తన టీచర్లని తనే ఏరుకునే అవకాశం అక్కడే ఉంటుంది. కొత్త హైస్కూలు ఏడో తరగతితో మొదలై ఏటా ఒక్కో తరగతి పెరుగుతుంటుంది కాబట్టి మొదట్లో వీసీఈ (విక్టోరియా పన్నెండో తరగతి) ఫలితాలే ఉండవు. ర్యాంకు లేదు కదా అని మనవాళ్లు అటు చూడరు, పక్కింటి ఆసీ కుటుంబం ముందే చేర్చేసి ఉంటుంది.

అపోహ: డబ్బు కడితేనే చదువు

దేశంలో దాదాపు మూడింట రెండొంతుల మంది పిల్లలు సర్కారు బడుల్లోనే చదువుతున్నారు. ఇక్కడి సర్కారు బడికి మన ఊళ్లో ఆ మాటకున్న అర్థం లేదు. కలెక్టరు స్థాయి ఉద్యోగి పిల్లలూ, పక్కింటి ప్లంబరు పిల్లలూ అక్కడే ఉంటారు. పీసా అనే అంతర్జాతీయ పరీక్షల్లో ప్రైవేటు స్కూళ్ల పిల్లలకి ఎక్కువ మార్కులొచ్చే మాట నిజమే, కుటుంబ నేపథ్యాన్ని లెక్కలోంచి తీసేస్తే ఆ తేడా చాలావరకు మాయమవుతుంది. పేరున్న ప్రైవేటు స్కూళ్లలో పన్నెండో తరగతి ఫీజు ఏడాదికి 40 వేల డాలర్లు దాటింది. క్యాథలిక్ స్కూళ్లలో ఫీజు బాగా తక్కువ, ఇతర మతాలవాళ్లనీ చేర్చుకుంటారు, ముందు వరస మాత్రం క్యాథలిక్కులది.

ప్రైవేటు స్కూళ్లకీ ఇక్కడ ప్రభుత్వం డబ్బిస్తుందంటే మనవాళ్లు నమ్మరు. దాని వెనక మరుగుదొడ్ల కథ ఉంది. 1962 జులైలో సిడ్నీకి నైరుతిగా ఉన్న గౌల్‌బర్న్ ఊళ్లో, ఒక క్యాథలిక్ బడిలో అదనపు మరుగుదొడ్లు కట్టాలని అధికారులు పట్టుబట్టారు. డబ్బు లేదన్నారు బడివాళ్లు. నిరసనగా ఆ ఊళ్లోని క్యాథలిక్ బడులన్నీ మూసేసి పిల్లల్ని ఒక్కసారిగా సర్కారు బడులకి పంపారు. సీట్లు చాల్లేదు. వారానికి సమ్మె ముగిసింది కానీ మరుసటి ఏడాది ఎన్నికల్లో ప్రధాని మెంజీస్ ప్రైవేటు స్కూళ్లకీ సైన్సు ల్యాబుల సాయం ప్రకటించారు. తలుపు అలా తెరుచుకుంది.

అపోహ: తెలుగువాళ్లున్న సబర్బ్ అయితే తెలుగు అదే వస్తుంది

రాదు. జారుడుబల్ల మీద నలుగురు తెలుగు పిల్లలు ఒకళ్లతో ఒకళ్లు మాట్లాడుకునేది ఇంగ్లిష్‌లోనే. సబర్బ్ ఇచ్చేది ఉగాది పచ్చడికి వేపపువ్వు ఎక్కడ దొరుకుతుందో చెప్పే పక్కింటివాళ్లని. భాష ఇంట్లోనూ, వారాంతపు తెలుగు బడిలోనూ రావాల్సిందే.

అపోహ: సర్కారు బడి అందరికీ ఉచితం, ఐదేళ్లకి చేరిపోవచ్చు

పౌరులకీ పీఆర్ (శాశ్వత నివాసం) ఉన్నవాళ్లకీ ఉచితమే. తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్ల సంగతి రాష్ట్రాన్నిబట్టి మారుతుంది. న్యూసౌత్‌వేల్స్‌లో చాలా రకాల వీసాలకి ఏటా ఫీజు కట్టాలి. ఉద్యోగం మారి మెల్‌బోర్న్ నుంచి సిడ్నీ వెళ్లేవాళ్లు జీతం బేరమాడేటప్పుడే ఇది చూసుకోవాలి. చైల్డ్ కేర్ సబ్సిడీ కూడా ఎక్కువగా పీఆర్, పౌరులకే.

వయసు కటాఫ్ కూడా ఒకటి కాదు. విక్టోరియాలో ఏప్రిల్ 30 నాటికి, న్యూసౌత్‌వేల్స్‌లో జులై 31 నాటికి ఐదేళ్లు నిండితే ఆ ఏడాది చేరవచ్చు. 2021 మే 10న పుట్టిన పిల్ల సిడ్నీలో 2026 మొదట్లోనే కిండర్‌గార్టెన్‌కి (అక్కడ బడిలో మొదటి ఏడాది) వెళ్లొచ్చు, మెల్‌బోర్న్‌లో అయితే ప్రెప్ కోసం 2027 దాకా ఆగాలి. ఒక ఏడాది చైల్డ్ కేర్ ఖర్చు తేడా అది. బడి వదిలేది మూడు, మూడున్నరకి. అమ్మానాన్నలిద్దరూ సిటీలో పనిచేస్తే ఆ తర్వాత ఆరింటిదాకా పిల్లని చూసేది స్కూలు ఆవరణలోని ఆఫ్టర్ కేర్, దానికి వేరే దరఖాస్తు, వేరే వెయిటింగ్ లిస్టు. స్కూల్లో సీటు గ్యారంటీ అయినా ఆఫ్టర్ కేర్‌లో గ్యారంటీ లేదు. లీజు మీద సంతకం పెట్టేముందు ఆ ఆఫీసుకి ఫోన్ చేసి, మీకు కావాల్సిన రోజుల్లో ఖాళీ ఉందో లేదో కనుక్కోండి.