గోడ నిలిస్తే చాలదు

1953 మార్చి 17న అమెరికాలోని నెవాడా ఎడారిలో 16 కిలోటన్నుల అణుబాంబు పేల్చారు. దానికి కిలోమీటరు పైచిలుకు దూరంలో, పరీక్ష కోసమే కట్టిన రెండంతస్తుల చెక్క ఇల్లు రెండు మూడు సెకన్లలో కుప్పకూలింది. 1957లో అదే ఎడారిలో, భూమిలోపల కట్టిన కాంక్రీటు ఆశ్రయాలను ఇంకా పెద్ద బాంబులతో పరీక్షించారు. చూడవలసింది గోడ నిలిచిందా లేదా అన్నదొక్కటే కాదు. లోపలి మనిషి బతుకుతాడా అన్నది అసలు ప్రశ్న.

ముప్పుల్లో ముఖ్యమైనవి రెండు. పేలుడు తర్వాత నేలమీద పడే రేడియోధార్మిక ధూళి నుంచి గామా కిరణాలు వస్తాయి. ఇవి దాదాపు తిన్నగా పోతాయి. దట్టించిన మట్టి సుమారు 9 సెంటీమీటర్లు అడ్డం ఉంటే సగమవుతాయి, కాంక్రీటైతే 6 చాలు. 90 సెంటీమీటర్ల మట్టి కప్పితే పదిసార్లు సగమై, వెయ్యో వంతుకు పడిపోతాయి. లోపలికి వచ్చే దారిని ఒక మలుపు తిప్పితే, అటునుంచి వచ్చేవీ చాలావరకు ఆగుతాయి.

రెండో ముప్పు పేలుడు ఒత్తిడి. దానికి ఆ మలుపు అడ్డం కాదు. అది గాలిలో సాగే అల కనుక ఏ మూలైనా తిరుగుతుంది, ఏ సందులోనైనా దూరుతుంది. గోడకు బీట పడకపోయినా, గాలిగొట్టంలోంచి చొరబడ్డ ఒత్తిడి చెవిపొరలను, ఊపిరితిత్తులను చీల్చగలదు. నెవాడాలో ఆశ్రయాల లోపల జంతువులను ఉంచి ఈ సంగతి తేల్చుకున్నారు. మనకు తెలిసినదాంట్లో కొంత ఆ మూగజీవాల ప్రాణాల ఖరీదు. అందుకే మంచి ఆశ్రయానికి బరువైన తలుపుతో పాటు, ఒత్తిడి తగలగానే తమంతట తామే మూసుకునే గాలి వాల్వులు ఉండాలి. స్విట్జర్లాండ్‌లో ఇలాంటి తలుపులను, వాల్వులను స్పీట్స్ ప్రయోగశాల పరీక్షిస్తుంది.

ఇక కాలం సంగతి. ఆ రేడియోధార్మిక ధూళి తీవ్రత, పేలిన గంటకు ఉన్నదానితో పోలిస్తే, 7 గంటలకు సుమారు పదో వంతుకు, రెండు రోజులకు నూరో వంతుకు, రెండు వారాలకు వెయ్యో వంతుకు తగ్గుతుంది. అన్నాళ్లూ లోపల గాలి, నీరు, మరుగుదొడ్డి నడవాలి. ఈ కోణంలో నాకు నెవాడా కన్నా విలువైనదిగా కనిపించే పరీక్ష స్విట్జర్లాండ్‌లోని లూసర్న్‌లో జరిగింది. అక్కడ 1976లో జొన్నెన్‌బెర్గ్ రహదారి సొరంగాన్ని 20,000 మందికి ఆశ్రయంగా సిద్ధం చేశారు. 1987లో, బాంబు లేకుండానే, దాన్ని నిజంగా వాడకంలోకి తెచ్చి చూశారు. ఒక్కోటి 350 టన్నుల బరువుండే తలుపుల్లో ఒకటి సరిగా మూసుకోలేదు. అనుకున్న మంచాలన్నీ అమర్చలేకపోయారు. తర్వాతి కాలంలో ఆ ఆశ్రయం సామర్థ్యాన్ని 2,000 మందికి కుదించారు.